ఆర్‌వీ సరిహద్దు దాటితే ఇన్సూరెన్స్ ఎక్కడ ఆగుతుంది?

వేసవి సెలవులు దగ్గర పడేసరికి బెంగళూరులోని తెలుగు ఇళ్లలో ఈమధ్య ఒక ప్లాన్ తరచుగా వినిపిస్తోంది. అబ్బాయి సియాటిల్‌లోనో డల్లాస్‌లోనో ఉంటాడు. వైట్‌ఫీల్డ్ నుంచి అమ్మానాన్నలు, మారతహళ్లి నుంచి అత్తమామలు బయల్దేరతారు. ఏడుగురికి రోజూ మూడు హోటల్ గదులు తీసుకునే బదులు ఒక ఆర్‌వీ (మోటార్‌హోమ్ అని కూడా అంటారు, ఇల్లులాంటి పెద్ద బండి) అద్దెకు తీసుకుంటే పడక, వంట, ప్రయాణం అన్నీ అందులోనే అయిపోతాయి. నాన్నగారికి రాత్రి పెరుగన్నం కోసం వెతుక్కోవాల్సిన పని ఉండదు. ఆలోచన బాగానే ఉంది. అయితే ఎవరో ఒకరు "ఎల్లోస్టోన్ దాకా వెళ్తున్నాం కదా, అటునుంచి అటే కెనడాలో బాన్ఫ్ కూడా చూసొచ్చేద్దాం" అంటారు. అక్కడి నుంచి లెక్క మారుతుంది.

ఆ లెక్క అర్థం కావాలంటే ముందు బుకింగ్ పేజీలో కనిపించే "ఇన్సూరెన్స్ కలిపి" అన్న మాట దగ్గర ఆగాలి. ఆ మాటను మనం మన దేశపు అలవాటుతో చదువుకుంటాం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం మన దగ్గర థర్డ్ పార్టీ పాలసీ ఉంటే, మన బండి వల్ల ఎవరైనా చనిపోయినా గాయపడినా ట్రిబ్యునల్ ఎంత పరిహారం నిర్ణయిస్తే అంత బీమా కంపెనీ కట్టాలి. దానికి పైపరిమితి లేదు. ఎదుటివాళ్ల ఆస్తి నష్టానికి మాత్రం ఏడున్నర లక్షల రూపాయల హద్దు ఉంది. అందుకే "థర్డ్ పార్టీ ఉంది, ఇంక టెన్షన్ లేదు" అనే మాట మన నోట అంత తేలిగ్గా వస్తుంది.

అమెరికాలో అలా కాదు. అక్కడ కనీసం ఎంత బీమా ఉండాలో ఒక్కో రాష్ట్రం ఒక్కో రకంగా నిర్ణయిస్తుంది, ఆ కనీసం చాలా చిన్న మొత్తం. కాలిఫోర్నియాలో 1967లో పెట్టిన పరిమితులు 2024 చివరిదాకా మారలేదు: గాయపడిన ఒక మనిషికి 15,000 డాలర్లు, ప్రమాదం మొత్తానికి 30,000, ఆస్తి నష్టానికి 5,000. 2025 జనవరి 1 నుంచి వాటిని 30,000, 60,000, 15,000 చేశారు. టెక్సాస్‌లో ఈ అంకెలు 30,000, 60,000, 25,000. అక్కడి ఆసుపత్రుల బిల్లులు ఎలా ఉంటాయో తెలిసినవాళ్లకు 30,000 డాలర్లు ఎన్ని రోజులకు సరిపోతాయో చెప్పనక్కర్లేదు. ఆపై ఖర్చంతా డ్రైవింగ్ చేసినవాళ్ల మీదే దావా రూపంలో వచ్చి పడుతుంది. అద్దె కంపెనీ "కలిపి" ఇచ్చే బీమా చాలాసార్లు ఈ కనీస మొత్తమే.

యూరప్‌తో పోల్చి చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. యూరోపియన్ యూనియన్ నిబంధన ప్రకారం గాయాలకు కనీస బీమా ఒక్కో బాధితుడికి 13 లక్షల యూరోలు, లేదా ప్రమాదం మొత్తానికి 64.5 లక్షల యూరోలు. రెండు చోట్లా కాగితం మీద ఉండే మాట "తప్పనిసరి బీమా ఉంది" అనే. అర్థంలో మాత్రం భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా.

అందుకే అమెరికాలో బండి తీసుకునేటప్పుడు అదనపు లయబిలిటీ కవర్ (ఎదుటివాళ్ల నష్టానికి కనీసానికి మించిన బీమా) అని విడిగా అమ్మేదాన్ని నేనైతే ఖర్చు తగ్గించుకునే జాబితాలో పెట్టను. సాధారణంగా అది పది లక్షల డాలర్ల దాకా ఉంటుంది. ఇంట్లోవాళ్లు గమనించని మరో సంగతి కూడా ఉంది. స్టీరింగ్ దగ్గర ఎవరు కూర్చోవాలి అనేది డ్రైవింగ్ అనుభవాన్ని బట్టే తేల్చేస్తారు. కానీ అక్కడ ఉద్యోగం, ఇల్లు, బ్యాంకు ఖాతా అన్నీ ఉన్న కొడుకే డ్రైవర్ అయితే, పరిమితి దాటిన దావా నేరుగా అతని సంపాదన మీదికే వస్తుంది. బీమా మొత్తం ఎంత ఉండాలో ఆలోచించేటప్పుడు దీన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఏ కాగితం ఎవరి నష్టానికి?

చేతిలో కాగితాలు ఎన్ని ఉన్నా, ప్రతిదాన్నీ మూడు ప్రశ్నలు అడిగితే చిక్కు చాలావరకు విడిపోతుంది. ఇది ఎవరి నష్టాన్ని భరిస్తుంది? ఏ దేశంలో భరిస్తుంది? ఎంతవరకు భరిస్తుంది?

బండికి జరిగే నష్టం సంగతి చూడండి. అద్దె కంపెనీ ఇచ్చే డ్యామేజ్ వేవర్ అసలు ఇన్సూరెన్సే కాదు. "బండి దెబ్బతింటే ఇంత మొత్తానికి మించి మిమ్మల్ని అడగం" అని కంపెనీ ఒప్పందంలో రాసిచ్చే మాట మాత్రమే. ఆ మొత్తాన్నే డిడక్టిబుల్ అనీ, కొన్ని దేశాల్లో ఎక్సెస్ అనీ అంటారు. అసలు తంటా మినహాయింపుల దగ్గర వస్తుంది. పైకప్పు, బండి అడుగుభాగం, టైర్లు, పక్కకు తెరుచుకునే పందిరిలాంటి ఆనింగ్, లోపలి సామాను చాలా ఒప్పందాల్లో వేవర్ కిందికి రావు. క్యాబిన్ పైన పడక ఉండే ఆర్‌వీ దాదాపు పన్నెండడుగుల ఎత్తు ఉంటుంది. జీవితమంతా ఔటర్ రింగ్ రోడ్డు మీద కారు నడిపినవాళ్లు తల పైన పన్నెండడుగులు ఉన్నాయని ఎప్పుడూ ఆలోచించి ఉండరు. పెట్రోల్ బంకు కప్పు, చెట్టు కొమ్మ, పాతకాలపు వంతెన, బర్గర్ షాపు డ్రైవ్‌త్రూ కమ్మీ... దెబ్బ తగిలేది పైనే. అంటే ఎక్కువ ప్రమాదం ఎక్కడుందో సరిగ్గా దాన్నే ఒప్పందంలోంచి తీసేస్తారు. బండి తీసుకునే ముందు "పైకప్పు, అడుగుభాగం కవర్ అవుతాయా?" అని అడిగి, జవాబు ఈమెయిల్‌లో రాయించుకోండి. ఫోన్‌లో చెప్పిన మాట క్లెయిమ్ రోజున పనికిరాదు.

ఒప్పందాన్ని మీరితే వేవర్ రద్దవడమే కాదు, కొన్ని ఒప్పందాల్లో లయబిలిటీ కవర్ కూడా పోతుంది. మీరడం అంటే తాగి నడపడం ఒక్కటే కాదు. ఒప్పందంలో పేరు లేని బావమరిది పావుగంట స్టీరింగ్ పట్టుకున్నా మీరినట్టే. మట్టిరోడ్డు ఎక్కినా అంతే. వేసవిలో డెత్ వ్యాలీకి వెళ్లకూడదని చాలా కంపెనీలు రాసుకుంటాయి, అలాంటి చోటికి వెళ్లినా అంతే. అనుమతి లేకుండా దేశ సరిహద్దు దాటడమూ ఈ కోవలోకే వస్తుంది.

"మా క్రెడిట్ కార్డుకు రెంటల్ కవర్ ఉంది" అనేవాళ్లు ఒకసారి దాని నియమాలు తెరిచి చూడాలి. కారు, ఎస్‌యూవీ వరకు సరే. మోటార్‌హోమ్, ట్రక్కు లాంటివాటిని చాలా కార్డులు పేరు పెట్టి మరీ మినహాయిస్తాయి.

ఇక మన ఒంటి సంగతి. బెంగళూరులో టికెట్‌తో పాటు తీసుకునే ట్రావెల్ ఇన్సూరెన్స్ ముఖ్యంగా వైద్యం కోసం. అందులోనూ "అమెరికా, కెనడా మినహా" అనే ప్లాన్ ఒకటి, "కలిపి" అనే ప్లాన్ మరొకటి ఉంటాయి. మొదటిది చవక కాబట్టి పొరపాటున అదే నొక్కేస్తారు. పెద్దవాళ్ల బీపీ, షుగర్ సంగతి దాచి తీసుకున్న పాలసీ ఉన్నా లేనట్టే. ఇంకో మాట: ఆ పాలసీలో "పర్సనల్ లయబిలిటీ" అని ఒక వరుస ఉంటుంది, పక్కన పెద్ద అంకె ఉంటుంది. దాన్ని చూసి ఎదుటివాళ్ల నష్టానికీ మనకు బీమా ఉందనుకుంటారు. మోటారు వాహనం నడపడం వల్ల వచ్చే బాధ్యతను ఆ వరుస దాదాపు ఎప్పుడూ మినహాయిస్తుంది. హోటల్‌లో అద్దం పగలగొడితే పనికొస్తుందేమో గానీ, ఆర్‌వీతో ఇంకొకరి కారును గుద్దితే పనికిరాదు. బండిలో వదిలిపెట్టిన ల్యాప్‌టాప్ పోతే వచ్చే డబ్బు మీద కూడా పెద్దగా ఆశ పెట్టుకోకండి.

కంపెనీ బండి కాకుండా, యాప్ ద్వారా ఎవరి సొంత ఆర్‌వీనో అద్దెకు తీసుకుంటే జాగ్రత్త రెట్టింపు కావాలి. ఆ యజమాని తన కోసం తీసుకున్న వ్యక్తిగత పాలసీ సాధారణంగా అద్దెకిచ్చినప్పుడు పనిచేయదు. మీ ప్రయాణం తేదీలకు, మీ పేరుతో, మీరు వెళ్లే దేశాల పేర్లతో యాప్ ఇచ్చే కవర్ విడిగా ఉండాలి.

గేటు దగ్గర మనిషి వేరు, బండి వేరు, ఫ్రిజ్ వేరు

అత్తిబెలె దాటి హోసూరు వైపు వెళ్లేటప్పుడు సొంత కారును ఎవరూ ఆపరు, పాలసీ కూడా ఒక్క అక్షరం మారదు. అందువల్ల సరిహద్దు అంటే బోర్డు మీద భాష మారడమే అని మనకు అలవాటైపోయింది. దేశాల మధ్య గేటు దగ్గర మూడు విడివిడి తనిఖీలు ఉంటాయి. ఒకటి గట్టెక్కినంత మాత్రాన మిగతావి గట్టెక్కినట్టు కాదు.

మనుషుల సంగతి ముందు. అమెరికా వీసా ఉన్నంత మాత్రాన భారతీయ పాస్‌పోర్టుతో కెనడాలోకి పోనివ్వరు, కెనడా విజిటర్ వీసా విడిగా కావాలి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఆ వీసా అక్కర్లేదు. మెక్సికో దీనికి పూర్తిగా తలకిందులు. చెల్లుబాటయ్యే అమెరికా వీసా చేతిలో ఉంటే వేరే వీసా లేకుండా పర్యాటకులుగా వెళ్లవచ్చు. 180 రోజులు అక్కడ గరిష్ఠ హద్దు.

తిరిగి అమెరికాలోకి వచ్చేటప్పుడు ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పే ఐ-94 అనే రికార్డు చూస్తారు. అమ్మానాన్నలకు ఆరు నెలలు ఇచ్చి ఉంటే, మధ్యలో వారం రోజులు బాన్ఫ్ చూసొచ్చినందుకు మళ్లీ కొత్తగా ఆరు నెలలు మొదలవుతాయని లెక్క వేసుకోకూడదు. ముప్పై రోజుల లోపు కెనడా, మెక్సికో ప్రయాణాలకు సాధారణంగా పాత గడువే కొనసాగుతుంది. హెచ్-1బీ మీద ఉన్న కొడుకు పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు దాటిపోయి ఉంటే ఒక వెసులుబాటు ఉంది. ఐ-94 చెల్లుబాటులో ఉంటే, ముప్పై రోజుల లోపు తిరిగొచ్చేవాళ్లను ఆటోమేటిక్ రీవాలిడేషన్ కింద రానిస్తారు. అయితే ఎలాగూ కెనడా వెళ్తున్నాం కదా అని అక్కడే కొత్త స్టాంపుకు అప్లై చేస్తే ఆ వెసులుబాటు పోతుంది. స్టాంపు వచ్చేదాకా అక్కడే ఉండిపోవాలి. మొత్తం కుటుంబం, అద్దె బండి ఇటు, డ్రైవర్ అటు.

బండికి కావలసింది అద్దె కంపెనీ రాతపూర్వక అనుమతి. అమెరికా కంపెనీలు చాలావరకు కెనడాకు ఒప్పుకుంటాయి, అయితే ముందే చెప్పాలి. అలాస్కా, యూకాన్ లాంటి దూరప్రాంతాలకు వేరే షరతులు పెడతాయి. కెనడా వెళ్లేవాళ్లు అడిగి తీసుకోవలసిన ఇంకో కాగితం పసుపు రంగులో ఉండే నాన్-రెసిడెంట్ లయబిలిటీ ఇన్సూరెన్స్ కార్డు. బయటి నుంచి వచ్చిన బండికి కెనడా కనీస పరిమితుల మేరకు బీమా ఉందని చెప్పేది అదే. అక్కడ చాలా ప్రావిన్సుల్లో ఆ కనీసం రెండు లక్షల కెనడా డాలర్లు. కార్డు ఫ్రీగానే ఇస్తారు, కానీ అడగందే ఎవరూ ఇవ్వరు.

మెక్సికో విషయంలో నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను: అద్దె ఆర్‌వీతో వెళ్లొద్దు. ఎక్కువ కంపెనీలు ఎలాగూ ఒప్పుకోవు. అమెరికా పాలసీలోని లయబిలిటీ కవర్‌ను మెక్సికో చట్టం గుర్తించదు, మెక్సికన్ కంపెనీ పాలసీ విడిగా కొనాల్సిందే. ప్రమాదంలో ఎవరైనా గాయపడితే తప్పెవరిదో తేలేదాకా డ్రైవర్‌ను పోలీసులు అదుపులో ఉంచుకునే అవకాశం ఉంది. అందుకే అక్కడి పాలసీల్లో లాయరు ఖర్చు, బెయిల్ బాండ్ అనే భాగాలు ఉంటాయి. సరిహద్దుకు ఆనుకున్న ప్రాంతం, బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పం దాటి లోపలికి వెళ్లాలంటే బండికి తాత్కాలిక దిగుమతి పర్మిట్ కూడా కావాలి. మామూలు కారుకు దాని మోడల్ సంవత్సరాన్ని బట్టి 200 నుంచి 400 డాలర్ల డిపాజిట్ కట్టించుకుంటారు, మోటార్‌హోమ్‌కు డిపాజిట్ లేకుండా పదేళ్ల పర్మిట్ ఇస్తారు. వినడానికి బాగుంది. అయితే ఆ సౌకర్యం సొంత ఆర్‌వీ ఉన్న అమెరికా, కెనడా రిటైర్డ్ జంటలకు పనికొచ్చేది, మనకు కాదు. టిహువానా చూడాలనిపిస్తే ఆర్‌వీని శాన్ డియెగో వైపే ఉంచి నడిచి దాటవచ్చు.

ఇక ఫ్రిజ్. కారులో వెళ్లేవాళ్లకు లేని తలనొప్పి ఆర్‌వీ వాళ్లకు ఉండేది ఇక్కడే. మీరు దాటుతున్నది ఒక వంటగదితో. కెనడా నుంచి అమెరికాలోకి తిరిగొచ్చేటప్పుడు పచ్చి కూరగాయలు, పండ్లు, మాంసం, గుడ్లు ఏమున్నా చెప్పాలి. చెప్పి ఇచ్చేస్తే తీసుకుని పారేస్తారు, అంతే. దాచి పట్టుబడితే జరిమానా. మనవాళ్లు ఎక్కువగా పట్టుబడేది కరివేపాకుతో. ఆసియన్ సిట్రస్ సిల్లిడ్ అనే చిన్న పురుగు కరివేప మొక్క మీద బతుకుతుంది. నిమ్మ, నారింజ తోటలను నాశనం చేసే గ్రీనింగ్ తెగులును అదే మోసుకొస్తుంది. అందుకే తాజా కరివేపాకు రెమ్మ ఒక్కటైనా అమెరికాలోకి రానివ్వరు. అధికారికి మన పోపు మీద పగేమీ లేదు, ఆయన కాపాడేది ఫ్లోరిడా, కాలిఫోర్నియా నారింజ తోటలను. కాలిఫోర్నియాకైతే పక్క రాష్ట్రాల నుంచి వచ్చే రోడ్ల మీద కూడా వ్యవసాయ తనిఖీ కేంద్రాలు ఉన్నాయి. అక్కడ ఆపి "పండ్లు ఉన్నాయా?" అని అడిగితే ఆశ్చర్యపోకండి.

క్యాంప్‌ఫైర్ కోసం కొన్న కట్టెలు సరిహద్దు దాటించకూడదు, కట్టెల్లో దాక్కున్న పురుగులు అడవులకు అడవులనే తినేస్తాయి. మనుషుల మీద కొట్టే పెప్పర్ స్ప్రే కెనడాలో నిషిద్ధ ఆయుధం. ఎలుగుబంటి కోసమని లేబుల్ మీద రాసి ఉన్న స్ప్రే మాత్రం ఫర్వాలేదు. గంజాయి కెనడాలో చట్టబద్ధమే, వాషింగ్టన్ రాష్ట్రంలోనూ చట్టబద్ధమే, అయినా ఆ రెండింటి మధ్య ఉన్న గేటు దగ్గర నేరమే. అమ్మానాన్నల మాత్రలు డబ్బాల్లో కలిపేయకుండా స్ట్రిప్పులతోనే, డాక్టరు చీటీతో పెట్టుకుంటే ప్రశ్నలు తగ్గుతాయి.

యూరప్‌లో సులువు ఎక్కడ, ఇరకాటం ఎక్కడ

యూరోపియన్ యూనియన్‌లో ఒక దేశంలో తీసుకున్న బండి థర్డ్ పార్టీ బీమా మిగతా సభ్య దేశాల్లోనూ చెల్లుతుంది. దాన్ని దాటి టర్కీ, అల్బేనియా, మొరాకో వైపు వెళ్లాలంటే గ్రీన్ కార్డు కావాలి. ఇది అమెరికా గ్రీన్ కార్డు కాదు, బండికి బీమా ఉందని చూపే కాగితం. పేరు గ్రీన్ కార్డే గానీ 2020 జూలై నుంచి తెల్ల కాగితం మీద ప్రింట్ చేసినా చెల్లుతుంది. కొసోవో ఈ పద్ధతిలో లేదు, అక్కడ సరిహద్దు దగ్గరే విడిగా కొనాలి. ఇక్కడా బీమా చెల్లడం వేరు, అద్దె కంపెనీ అనుమతి వేరు.

వీసా ఇరకాటానికి మంచి ఉదాహరణ క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్. ఆ ఊరు దేశంలోని మిగతా భూభాగంతో కలిసి ఉండదు, మధ్యలో నేయుమ్ దగ్గర బోస్నియా సముద్రతీరం కొద్దిగా అడ్డొస్తుంది. 2022 జూలైలో పెల్యేషాట్స్ వంతెన తెరిచాక బోస్నియాలో అడుగు పెట్టకుండానే వెళ్లవచ్చు. కానీ జీపీఎస్ దగ్గరి దారి అని పాత రోడ్డు చూపిస్తే, సింగిల్ ఎంట్రీ షెంగెన్ వీసా (చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే ఉమ్మడి వీసా) ఉన్నవాళ్ల పని అయిపోయినట్టే. బయటికి అడుగు పెట్టాక ఆ వీసాతో తిరిగి లోపలికి రాలేరు. రోడ్డు ప్రయాణానికి వెళ్లేవాళ్లు అప్లికేషన్‌లోనే మల్టిపుల్ ఎంట్రీ అడగడం మేలు. షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి అని అందరికీ తెలిసిందే. అది షెంగెన్ దేశాలకే పరిమితమైన పాలసీ అయితే బోస్నియాలో పనిచేయదు.

బరువు ఇంకో ఉచ్చు. మన ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సు 7,500 కిలోల దాకా చెల్లుతుంది. విదేశాల్లో నడపడానికి ఇచ్చే మన ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌లో బి కేటగిరీ మాత్రం 3,500 కిలోల దగ్గర ఆగుతుంది. యూరప్‌లో అద్దెకిచ్చే మోటార్‌హోమ్‌లు ఎక్కువగా ఆ హద్దును ఆనుకునే ఉంటాయి. నీళ్ల ట్యాంకు నింపి, ఆరుగురు ఎక్కి, ఒక్కొక్కరు రెండు సూట్‌కేసులు పెడితే హద్దు దాటిపోవడం పెద్ద విషయం కాదు. అధిక బరువుతో ప్రమాదం జరిగితే కంపెనీకి క్లెయిమ్ తిరగ్గొట్టడానికి సాకు దొరికినట్టే.

ఆ పర్మిట్ కోరమంగల, ఇందిరానగర్ లాంటి మీ పరిధిలోని ఆర్‌టీఓ నుంచే వస్తుంది. పరివాహన్ పోర్టల్‌లో ఫారం 4ఎ, వెయ్యి రూపాయల ఫీజు, ఏడాది గడువు. ఒరిజినల్ లైసెన్సు కార్డు వెంట లేకపోతే ఆ పుస్తకానికి విలువ లేదు. సిల్క్ బోర్డు దగ్గర పోలీసుకు చూపించినట్టు డిజిలాకర్ చూపిస్తే మ్యూనిక్‌లో ఎవరూ ఒప్పుకోరు.

న్యూజిలాండ్ గురించి ఒక్క మాట. అక్కడ మనలాగే ఎడమవైపు నడుపుతారు, దాటడానికి సరిహద్దు కూడా లేదు. ప్రమాదంలో గాయపడితే ఏసీసీ అనే ప్రభుత్వ పథకం పర్యాటకుల వైద్యాన్ని కూడా చూస్తుంది. కానీ అక్కడ వాహన బీమా చట్టప్రకారం తప్పనిసరి కాదు. ఎదుటి కారును గుద్దితే ఆ ఖర్చుకు బీమా ఉందో లేదో ఒప్పందం చూసుకోవాల్సింది మీరే.

సొంత బండితో ఇక్కడి నుంచే వెళ్తే

బెంగళూరు నుంచి సొంత క్యాంపర్‌తో నేపాల్, భూటాన్ వెళ్లేవాళ్లూ ఉన్నారు. మన మోటారు పాలసీ దేశం ఎల్లలు దాటి పనిచేయదు. అయితే నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక, మాల్దీవులు అనే ఆరు దేశాలకు దాన్ని పొడిగించుకునే వీలు ఎప్పటి నుంచో ఉంది. ఐఎంటీ-1 అనే ఎండార్స్‌మెంట్ (పాలసీకి జతచేసే అదనపు షరతు) అడగాలి. ఇండియా మోటార్ టారిఫ్ ప్రకారం ప్యాకేజీ పాలసీకి (సొంత బండి నష్టం కూడా కలిసినది) 500 రూపాయలు, థర్డ్ పార్టీ మాత్రమే ఉన్నదానికి 100 రూపాయలు. ఇంత చవకైన ఎండార్స్‌మెంట్ గురించి ఏజెంట్లు తమంతట తాము చెప్పకపోవడానికి కారణం ఆ చవకతనమే అని నా అనుమానం. ఓడ మీదో విమానంలోనో బండిని తీసుకెళ్లేటప్పుడు జరిగే నష్టం మాత్రం ఇందులోకి రాదు.

నేపాల్‌లోకి రక్సౌల్ దగ్గరో సునౌలీ దగ్గరో దాటేటప్పుడు భన్సార్ కట్టాలి, అంటే రోజుల లెక్కన కస్టమ్స్ ఫీజు. అనుకున్న రోజుల కంటే ఒకటి రెండు ఎక్కువే కట్టుకోవడం తెలివైన పని. కొండచరియలు విరిగి రోడ్డు మూసేస్తే భన్సార్ గడువు ఆగదు. భారతీయ ప్రైవేటు బండి ఏడాదిలో మొత్తం 30 రోజులే అక్కడ ఉండవచ్చు. భూటాన్‌లో భారతీయులకు మనిషికి రాత్రికి 1,200 రూపాయల ఎస్‌డీఎఫ్ అనే పర్యాటక రుసుము, బండికి పర్మిట్ విడిగా.

ఇంకా దూరం, ఇరాన్ మీదుగానో ఓడ ఎక్కించి ఆస్ట్రేలియాకో వెళ్లాలంటే కార్నెట్ కావాలి. బండికి పాస్‌పోర్టు అనుకోవచ్చు. మన దేశంలో దీనికోసం ముంబైలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్‌ను అడగాలి. బండిని ఆ దేశంలో అమ్మకుండా తిరిగి తీసుకెళ్తామనడానికి గ్యారంటీగా పెద్ద మొత్తం చూపించాలి. కార్నెట్‌లో ప్రతి పేజీకీ లోపలికి వచ్చినప్పటి ముద్ర ఒకటి, బయటికి వెళ్లినప్పటి ముద్ర ఒకటి పడాలి. బయటికి వెళ్లిన ముద్ర లేకపోతే బండి ఇంకా ఆ దేశంలోనే ఉందని లెక్క, దిగుమతి సుంకం కట్టమని నోటీసు వస్తుంది. అర్ధరాత్రి గేటు దాటుతూ పాస్‌పోర్టు అధికారి పంపించేశాడు కదా అని కదిలిపోకండి. కస్టమ్స్ కౌంటర్ వేరే ఉంటుంది, వెతుక్కుని ముద్ర వేయించుకోండి. చెన్నై రేవులో బండి దిగాక కూడా ఆఖరి ముద్ర పడి, పుస్తకం అసోసియేషన్‌కు చేరితేనే మీ గ్యారంటీ డబ్బు విడుదలవుతుంది.